ఆకారము నెఱిగిన ఆయుధము
(సంఘ వార్షికోత్సవ సందర్భమున జరిగిన విజ్ఞానోపన్యాస పాఠము)



కేంద్రప్రభుత్వోద్యోగమునుండి విశ్రాంతి గైకొన్నవారు ప్రతి సంవత్సరము నవంబరు మాసమున జీవన ప్రమాణపత్రమును సమర్పించుట అందఱెఱిగిన విషయమే. పింఛనుదారుడు సజీవుడై యున్నాడని ఆ పత్రము సాక్ష్యమిచ్చును. అంతకు మించి అది యేమియు చెప్పజాలదు. వ్రేలిముద్ర వేయుచున్న ఆ పెద్దకు తన పేరు జ్ఞాపకమున్నదా, ప్రక్కన నిలిచిన కుమారుని గుర్తుపట్టుచున్నాడా, నలుబది యేండ్లు కాపురము చేసిన ఇల్లాలిని చూచి "ఎవరమ్మా నీవు?" అని అడుగుచున్నాడా అను ప్రశ్నలకు ఆ పత్రమున చోటు లేదు. శరీరము నిలిచియుండగనే మనిషి క్రమక్రమముగా తననుండి తాను జారిపోవు ఈ దురవస్థకు అల్జీమర్ వ్యాధి ముఖ్యకారణము.

2023లో ప్రకటింపబడిన ఒక అఖిలభారత అధ్యయనము ప్రకారము మన దేశమున 60 ఏండ్లు నిండినవారిలో నూటికి 7.4 వంతున, అనగా సుమారు 88 లక్షలమంది, డిమెన్షియా అనబడు మతిక్షీణతతో బాధపడుచున్నారు. మతిక్షీణతకు కారణములు పెక్కు గలవు. వానిలో అగ్రస్థానము అల్జీమర్ వ్యాధిది. ఒక్కొక్క రోగి వెనుక ఒక్కొక్క కుటుంబ మున్నది. రాత్రివేళ తలుపు తీసికొని వెడలిపోవు తండ్రికి కావలియుండు కుమార్తె, అన్నము తినిన అయిదు నిమిషములకే "నాకు అన్నము పెట్టలేదు" అని పొరుగువారితో చెప్పు అత్తగారిని ఓరిమితో సముదాయించు కోడలు, వీరందఱును ఆ లెక్కకు చేరని రోగబాధితులే.

ఈ వ్యాధిని ఎదుర్కొనుటకు శాస్త్రజ్ఞులు తీర్చిదిద్దుచున్న ఒక సూక్ష్మాయుధమును గూర్చి తెలియజెప్పుట నేటి ప్రసంగోద్దేశము. శరీరరక్షణకై రక్తమున సంచరించు ప్రతిరక్షకములనుండి, అనగా యాంటీబాడీలనుండి, తీసిన చిన్న తునకయే ఆ ఆయుధము. ఒకే పదార్థము పలు రూపములు దాల్చినపుడు వానిలో హానికరమైన రూపమును మాత్రమే ఏరి పట్టుకొనగల వివేచన దానియందు కలదు. ఆ వివేచన ఏల అవసరమైనదో గ్రహింపవలెనన్న కథ మొదటినుండి చెప్పవలసియున్నది.

1901వ సంవత్సరమున జర్మనీ దేశమందలి ఫ్రాంక్‌ఫర్ట్ నగరములోని మానసిక వైద్యశాలలో ఆగస్టె డేటర్ అను 51 ఏండ్ల స్త్రీ చేర్పబడెను. ఆలోయిస్ అల్జీమర్ అను వైద్యుడు ఆమెను పరీక్షించి, తానడిగిన ప్రశ్నలను, ఆమె చెప్పిన సమాధానములను ఓపికగా వ్రాసియుంచెను. తన పేరు వ్రాయుమనగా ఆమె పూర్తిగా వ్రాయలేకపోయెను. తన్ను తాను పోగొట్టుకొంటినని ఆమె పలికినట్లు ఆ దస్త్రమున కలదు. 1906లో ఆమె మరణించిన పిమ్మట అల్జీమర్ ఆమె మెదడును సూక్ష్మదర్శినితో పరిశీలించెను. ఆ సంవత్సరము నవంబరులో ట్యూబింగెన్ నగరమున జరిగిన వైద్యుల సభలో తాను చూచినదానిని వివరించెను. 1910లో క్రేపెలిన్ అను మానసిక వైద్యాచార్యుడు తన గ్రంథమున ఈ వ్యాధికి అల్జీమర్ పేరు నిడెను.

అల్జీమర్ చూచినవి రెండు. నాడీకణముల వెలుపల అక్కడక్కడ పేరుకొనిన ఫలకములు మొదటివి. నాడీకణముల లోపల చిక్కుపడిన దారపు ఉండల వంటి పోగులు రెండవవి. ఈ రెండును ఏ పదార్థముతో నైనవో తెలియుటకు ఇంచుమించు ఎనుబది యేండ్లు పట్టెను. 1984లో అమెరికాలో గ్లెన్నర్, వాంగ్ అను నిరువురు శాస్త్రజ్ఞులు రోగుల మెదడు పొరల రక్తనాళములనుండి ఒక చిన్న ప్రోటీనును వేరుచేసి దాని కూర్పును చదువగలిగిరి. మఱుసటి సంవత్సరము మెదడులోని ఫలకములయందును అదియే యున్నదని ఇతరులు నిరూపించిరి. దానికి బీటా అమిలాయిడ్ అని పేరు. లోపలి చిక్కుపోగులు టౌ అను వేఱొక ప్రోటీనుతో నైనవి. నేటి ప్రసంగము ముఖ్యముగా బీటా అమిలాయిడ్‌కు సంబంధించినది.

ఈ బీటా అమిలాయిడ్ బయటనుండి వచ్చిన విషము కాదు. ప్రతి మనిషి మెదడులోను అది నిత్యము పుట్టుచునే యుండును. నాడీకణపు పొరలో ఒక పెద్ద ప్రోటీను నిలిచియుండును. రెండు ఎంజైములు, రెండు కత్తెరలవలె, దానిని రెండు చోట్ల కత్తిరించగా నడుమ తెగిపడు ముక్కయే బీటా అమిలాయిడ్. సామాన్యముగా అది 40 లేక 42 అమైనో ఆమ్లముల పొడవుండును. 42 గలది ఎక్కువ జిగటు. ఆ పెద్ద ప్రోటీనునకు మూలమైన జన్యువు 21వ క్రోమోజోముపై నున్నట్లు 1987లో తెలిసెను. పుట్టుకతోనే ఆ క్రోమోజోము మూడు ప్రతులు గల డౌన్ లక్షణసముదాయపు రోగులలో మెదడు ఫలకములు చిన్న వయస్సుననే ఏర్పడుట ఈ కారణముచేతనే.

నిత్యము పుట్టునది నిత్యము తొలగింపబడుచున్నంతకాలము చిక్కు లేదు. తొలగింపు మందగించినపుడు ఆ ముక్కలు ఒకదానినొకటి అంటుకొనును. ఇది వంటయింటిలో పాకము పట్టుట వంటిది. బెల్లము నీటిలో కరగినపుడు అది పానకము. కాగినకొలది లేతపాకము, తీగపాకము, ఉండపాకము, ముదురుపాకము అగును. పదార్థ మొక్కటే, పాకము మారినకొలది గుణము మారును. అరిసెలు చేయు గృహిణి పళ్లెములోని నీటిలో ఒక చుక్క వేసి, వ్రేలితో నొక్కి, పాకము వచ్చినదా లేదా అని చెప్పగలదు. నాలుకకు మాత్రము అన్ని పాకములును తీపియే.

బీటా అమిలాయిడ్‌కును ఇట్టి దశలు కలవు. మొదట విడివిడిగా తిరుగు ఒంటి అణువులు. పిమ్మట రెండు, నాలుగు, పది, పండ్రెండు కలిసిన చిన్న గుంపులు. వీనిని శాస్త్రజ్ఞులు ఒలిగోమరులందురు. తరువాత లేత నారలు. ఆ పిమ్మట ముదిరిన నారపోగులు. అవి పేరుకొనగా ఏర్పడునవి అల్జీమర్ కంటికి కనబడిన ఫలకములు. ఈ దశలలో మనిషి జ్ఞాపకమును హరించునది ఏది? ఈ ప్రశ్నయే ఇటీవలి పరిశోధనల కెల్ల కీలకము.

బీటా అమిలాయిడ్ పేరుకొనుటయే వ్యాధికి మూలమని 1992లో హార్డీ, హిగ్గిన్స్ అను శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. కంటికి కనబడునవి ఫలకములే గనుక దోషము మొదట వానిపైనే మోపబడెను. కాని ఒక చిక్కు వచ్చిపడెను. మెదడునిండ ఫలకములుండియు చివరిదాక చురుకుగా జీవించిన వృద్ధులు కలరు. ఫలకముల లెక్కకును మఱపు తీవ్రతకును సరియైన పొంతన కుదురలేదు. 1998లో ఒక అమెరికా పరిశోధకబృందము నారలుగా మారని చిన్న గుంపులే నాడీకణములకు హానిచేయునని ప్రకటించెను. 2002లో మఱొక బృందము కణములనుండి సహజముగా వెలువడిన చిన్న గుంపులను ఎలుకల మెదడులోనికి ఎక్కించి, నేర్చుకొనుటకు ఆధారమైన నాడీసంధుల బలవృద్ధి వానిచేత అడ్డగింపబడుచున్నదని చూపెను.

స్వీడను దేశపు ఒక కుటుంబమునుండి మఱొక సాక్ష్యము లభించెను. ఆ కుటుంబమునందలి ఒకానొక జన్యుమార్పు వలన వ్యాధి చిన్నవయస్సుననే వచ్చుచున్నది. ఆ మార్పు వలన బీటా అమిలాయిడ్ లేత నారల దశకు మిక్కిలి వేగముగా చేరునని లాన్‌ఫెల్ట్ అను శాస్త్రజ్ఞుడును, సహచరులును 2001లో కనుగొనిరి. నడిమి దశలపై అనుమానము దీనివలన బలపడెను.

ఇచ్చట ఒక హెచ్చరిక చెప్పుట ధర్మము. ఒకానొక ప్రత్యేకమైన చిన్న గుంపే మఱపునకు కారణమని 2006లో వెలువడిన ప్రసిద్ధమైన వ్యాసము ఒకటి, అందలి చిత్రములు మార్చబడినవని తేలగా, 2024లో ఉపసంహరింపబడెను. ఆ ఒక్క వ్యాసముతో చిన్న గుంపుల వాదము కూలిపోలేదు; దానికి ముందును వెనుకను స్వతంత్రమైన సాక్ష్యములు కలవు. కాని శాస్త్రములో ఏ మాటనైనను పలువురు పలు చోట్ల పరీక్షించినగాని నమ్మరాదని ఆ ఉదంతము గుర్తుచేయుచున్నది.

ఇక ప్రతిరక్షకముల సంగతి. శరీరములోనికి పరపదార్థము వచ్చినపుడు దానిని పట్టుకొనుటకు రక్తమున పుట్టు ప్రోటీనులే ప్రతిరక్షకములు. రూపమున అవి చీలిన పంగలకఱ్ఱను పోలియుండును. పైనున్న రెండు కొమ్మల కొనలు శత్రువును పట్టుకొను చేతులు. క్రిందినున్న కాండము ఇతర రక్షకకణములను పిలుచు గంట వంటిది. 1959లో ఇంగ్లండు దేశీయుడు రోడ్నీ పోర్టర్, బొప్పాయి పాలనుండి తీసిన పపెయిన్ అను ఎంజైముతో ప్రతిరక్షకమును ముక్కలుగా కోసి, చేతులున్న ముక్కలు కాండము లేకున్నను తమ పని చేయగలవని చూపెను. ప్రతిరక్షకముల నిర్మాణమును వెల్లడించినందులకు పోర్టర్, ఎడెల్మన్ ఇరువురికిని 1972లో నోబెల్ బహుమానము లభించెను. నేటి తునకల విద్యకు బీజము ఆ బొప్పాయి పాలలోనే పడెను. 1975లో కోలర్, మిల్‌స్టీన్ అనువారు ఒకే రకపు ప్రతిరక్షకమును కోరినంత పరిమాణమున తయారుచేయు విధానమును కనుగొనిరి. ఆ పిమ్మట ప్రతిరక్షకము ఔషధముగా మారుటకు మార్గ మేర్పడెను.

మెదడువ్యాధికి ప్రతిరక్షకములను వినియోగింపవచ్చునని చూపినవారిలో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయపు బేకా సాలమన్ ముఖ్యురాలు. బీటా అమిలాయిడ్ నారలు ఏర్పడకుండ ప్రతిరక్షకములు ఆపగలవనియు, ఏర్పడిన నారలను సైతము కరిగింపగలవనియు ఆమె బృందము 1996, 1997 సంవత్సరములలో పరీక్షనాళికలలో నిరూపించెను. 1999లో షెంక్ అను శాస్త్రజ్ఞుని బృందము ఎలుకలకు బీటా అమిలాయిడ్‌నే టీకాగా వేసి ఫలకములను తగ్గించెను. లోకమంతయు ఆశపడెను. కాని మనుష్యులపై చేసిన పరీక్షలో టీకా పొందిన సుమారు 300 మందిలో 18 మందికి మెదడువాపు వచ్చుటచే 2002లో ఆ ప్రయత్నము నిలిపివేయబడెను. ఆ టీకా పొందినవారిలో కొందఱు తరువాత మరణింపగా వారి మెదళ్లను పరీక్షించి 2008లో ప్రకటించిన సంగతి మిక్కిలి ఆలోచింపదగినది. కొందఱి మెదళ్లలో ఫలకములు దాదాపు తుడిచివేసినట్లు మాయమైనవి. అయినను వారు తీవ్రమైన మతిక్షీణతతోనే మరణించిరి.

ముదురుపాకమును గీకివేసినంత మాత్రమున, అప్పటికే జరిగిన నష్టము పూడలేదు. శత్రువును సరియైన దశలో, సరియైన కాలములో పట్టుకొనవలెనను పాఠము ఇందుండి లభించెను.

టీకాకు బదులు సిద్ధముగా తయారైన ప్రతిరక్షకములను సిరలోనికి ఎక్కించు ప్రయత్నములు పిమ్మట జరిగెను. బాపిన్యూజుమాబ్ 2012లోను, సొలనెజుమాబ్ 2016లోను, గాంటెనెరుమాబ్ 2022లోను పెద్ద పరీక్షలలో విఫలమైనవి. అడుకానుమాబ్ అనుదానికి 2021లో అమెరికాలో వివాదాస్పదమైన అనుమతి లభించినను, 2024లో తయారీదారులే దానిని విరమించుకొనిరి. లాన్‌ఫెల్ట్ పరిశోధన నుండి పుట్టి, లేత నారలను ఎక్కువగా పట్టుకొను లెకానెమాబ్ మాత్రము 1,795 మందిపై 18 నెలలు జరిగిన పరీక్షలో ఫలితము చూపి 2023లో పూర్తి అనుమతి పొందెను. ఫలకములను లక్ష్యముగా గొన్న డొనానెమాబ్‌కు 2024లో అనుమతి లభించెను.

లెకానెమాబ్ ఫలితమును ఉన్నదున్నట్లు చెప్పవలెను. అది పోయిన జ్ఞాపకమును తిరిగి తేలేదు. క్షీణించు వేగమును నూటికి 27 వంతులు తగ్గించెను. 18 పాయింట్ల కొలబద్దపై ఔషధము పొందినవారికిని పొందనివారికిని వచ్చిన భేదము 0.45 మాత్రమే. ఔషధము పొందినవారిలో నూటికి 12.6 మంది మెదడులో నీరుచేరుట కనబడెను. కొందఱిలో సూక్ష్మ రక్తస్రావములును కనబడినవి. ఎపిఒఇ-4 అను జన్యువు రెండు ప్రతులు గలవారికి ఈ ప్రమాదము మఱింత ఎక్కువ. ఈ వికారములు పెక్కురిలో బాధ లేకయే సమసిపోయినను, కొందఱిలో ప్రాణాంతకములైనవి.

ఈ కష్టములకు కొన్ని కారణములు ప్రతిరక్షకపు నిర్మాణమునందే కలవు. మొదటిది పరిమాణము. పూర్తి ప్రతిరక్షకము 150 కిలోడాల్టన్ల బరువైన అణువు. మెదడు రక్తనాళముల గోడలు కావలిబంటులవలె దానిని అడ్డగించును. రక్తములోనున్న ప్రతిరక్షకములో వేయింట ఒకటి రెండు వంతులు మాత్రమే మెదడు చేరును. రెండవది క్రింది కాండము. అది మెదడులోని చెత్త యెత్తు కణములను పిలిచి శుభ్రపరచుటకు తోడ్పడును గాని, ఆ పిలుపే వాపునకును దారితీయవచ్చును. రక్తనాళముల గోడలకంటిన అమిలాయిడ్ వద్ద ఆ కలకలము జరిగినచో గోడ బలహీనపడును. మూడవది గుఱి. ఒంటి అణువు, చిన్న గుంపు, నారపోగు అను భేదము లేక అన్నిటిని పట్టుకొనునది, రక్తములోను మెదడులోను విస్తారముగానున్న నిరపాయమైన ఒంటి అణువులను పట్టుకొనుటలోనే తన బలమును వ్యయపఱచుకొనును.

ఇచ్చటనే తునకల అవసర మేర్పడినది. కాండమును తీసివేసి ఒక్క కొమ్మను మాత్రము నిలిపినచో బరువు సుమారు 50 కిలోడాల్టన్లు. 1988లో అమెరికాలో రెండు బృందములు మఱియొక అడుగు వేసి, శత్రువును పట్టుకొను చేతిలోని రెండు భాగములను చిన్న దారముతో కలిపి ఒకే గొలుసుగా తయారుచేసినవి. దాని బరువు సుమారు 27 కిలోడాల్టన్లే. 1993లో బ్రస్సెల్స్ నగర పరిశోధకులు ఒంటెల రక్తమున ఒక వింతను కనుగొనిరి. ఒంటె జాతి జంతువుల ప్రతిరక్షకములలో కొన్నిటికి రెండు గొలుసుల జత లేదు. ఒక్క గొలుసు కొనయే శత్రువును పట్టుకొనును. ఆ కొనను వేరుచేయగా 15 కిలోడాల్టన్ల బరువు గల అతి చిన్న తునక లభించెను. దీనిని నానోబాడీ అందురు. ఇంత చిన్నదైనను, పెద్ద ప్రతిరక్షకము దూరలేని సందులలోనికి అది వ్రేలు చొప్పింపగలదు.

తునక తయారగుట ఒక యెత్తు; చిన్న గుంపును మాత్రమే పట్టుకొను తునకను కోట్లకొలది రకములనుండి ఏరుట మఱొక యెత్తు. ఈ ఏరివేతకు సాధనము ఫేజ్ అను సూక్ష్మజీవి. అది బాక్టీరియాలను సోకు వైరస్. మనుష్యుల కది రోగము కలిగింపదు. 1985లో జార్జ్ స్మిత్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఫేజ్ పైపొరపై కోరిన ప్రోటీను ముక్కను మొలిపింపవచ్చునని చూపెను. 1990లో కేంబ్రిడ్జ్ నగరమున గ్రెగరీ వింటర్ బృందము ప్రతిరక్షకపు తునకలనే ఫేజ్‌పై నిలిపెను. ప్రతి ఫేజ్ తన నెత్తిపై ఒక తునకను మోయుచు, ఆ తునకను తయారుచేయు జన్యువును కడుపులో దాచుకొనియుండును. కావున పట్టుకొనిన తునక దొరికినచో దాని విత్తనమును దొరికినట్లే. ఈ విధానమునకై స్మిత్, వింటర్ ఇరువురును 2018లో నోబెల్ బహుమానము నందు భాగస్వాములైరి.

ఈ విధానము చేటతో ధాన్యము చెఱుగుట వంటిది. లక్ష్యమును ఒక పళ్లెమున అంటించి దానిపై కోట్లకొలది ఫేజ్‌లను పోయుదురు. అంటుకొననివి కడుగుటతో కొట్టుకొనిపోవును. అంటుకొనినవానిని విడదీసి, పెంచి, మరల పోయుదురు. ఇట్లు కొన్ని సారులు చెఱుగగా పొట్టు పోయి గింజ నిలుచును.

కాని బీటా అమిలాయిడ్ విషయమున ఒక ప్రత్యేకమైన కష్టమున్నది. ఒంటి అణువు, చిన్న గుంపు, నారపోగు అన్నియు ఒకే పదార్థము. తీపిని మాత్రమే గుర్తించు నాలుకవలె పదార్థమును గుర్తించు తునక ఇక్కడ పనికిరాదు. పాకమును గుర్తించు వ్రేలు కావలెను. పైగా చిన్న గుంపులు నిలుకడ లేనివి. చూచుచుండగనే నారలుగా మారును.

అమెరికాలోని అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయమున మైకేల్ సియర్క్స్ బృందము ఈ చిక్కునకు ఒక యుక్తి కనుగొనెను. ఆటమిక్ ఫోర్స్ సూక్ష్మదర్శిని యను యంత్రమును వారు ఈ పనికి తోడుచేసికొనిరి. గ్రామఫోను ముల్లు పళ్లెముపై గీతల ఎత్తుపల్లములను తడవి పాటను పలికించునట్లు, ఈ యంత్రపు సూదిమొన ఉపరితలమును తడవి అణువుల ఆకారమును చిత్రించును. అభ్రకపు రేకుపై తాము ఉంచినవి ఒంటి అణువులా, చిన్న గుంపులా, నారలా అని వారు ఏరివేతకు ముందు ప్రత్యక్షముగా చూచుకొనగలిగిరి. ఫేజ్ అంటుకొనినదా లేదా అనునదియు అదే యంత్రముతో చూచిరి. ఈ పద్ధతిని 2006లో ప్రకటించిరి. ఒంటి అణువులకు, నారలకు అంటుకొను తునకలను ముందే తీసివేసి, మిగిలినవానినుండి చిన్న గుంపులకు మాత్రమే అంటుకొనువానిని ఏరుట ఇట్టి విధానములలోని మర్మము. అవసరము లేనివానిని మొదట తొలగించుటయే ఇచ్చట ఎన్నికకు ప్రాణము.

2008లో ఆ బృందము ప్రకటించిన ఒక తునక, చిన్న గుంపులను పట్టుకొని, ప్రయోగశాలలో పెంచిన మానవ నాడీజాతి కణములను బీటా అమిలాయిడ్ విషప్రభావమునుండి కాపాడెను. 2012లో వారు ప్రకటించిన ఒక నానోబాడీ మఱొక మార్గమున పనిచేయును: అది అణువులను హానికరముకాని చిన్న రూపముననే నిలిపివేసి, విషరూపమునకు పోనీయదు. లేతపాకముననే పొయ్యి ఆర్పుట వంటిదిది. ఈ తునకలు కాండము లేనివి గనుక వాపును పిలుచు గంటను మ్రోగింపవు. ఇట్టి తునకలకు మఱొక ఉపయోగమును కలదు. ఆకారమును గుర్తించునది ఆయుధమే కాక, పరీక్షాసాధనము కూడ కాగలదు. ఫలకములు పేరుకొనకముందే చిన్న గుంపుల జాడను పసికట్టుటకు ఇవి తోడ్పడవచ్చును.

అట్లైనచో ఈ తునకలు ఇంకను వైద్యుని చేతికి ఏల రాలేదు? తునకకు ఉన్న గుణమే దానికి దోషము. చిన్నది గనుక మూత్రపిండములు దానిని కొన్ని గంటలలోనే వడకట్టి బయటకు పంపును. పూర్తి ప్రతిరక్షకము మూడు వారములపాటు రక్తమున నిలుచుటకు కారణము దాని కాండమే. దానిని తీసివేయగా ఆ దీర్ఘాయువును పోయెను. మఱియు చిన్నదైనంత మాత్రమున మెదడు తలుపు తెఱచుకొనదు; 15 కిలోడాల్టన్ల నానోబాడీకిని అది సామాన్యముగా మూసియే యుండును.

ఈ అడ్డంకిని దాటుటకు పలు మార్గములు వెదకబడుచున్నవి. హానిలేని వైరస్ ద్వారా తునకయొక్క జన్యువునే ఎలుకల మెదడులో ప్రవేశపెట్టి, మెదడే ఆ తునకను తయారుచేయునట్లు చేసిన ప్రయోగము 2006లో ప్రకటింపబడెను. ముక్కుద్వారా పంపుటకు సాలమన్ బృందము 2002లోనే ప్రయత్నించెను. అన్నిటికంటె ముందుకు సాగిన మార్గము పడవ వంటిది. మెదడునకు ఇనుము కావలెను. ఇనుమును మోయు ట్రాన్స్‌ఫెరిన్ అను ప్రోటీనును లోనికి చేర్చుటకు రక్తనాళముల గోడలపై ప్రత్యేకమైన గ్రాహకములు కలవు. ఆ గ్రాహకమును పట్టుకొను ఒక తునకను, పెద్ద ప్రతిరక్షకమునకు తోకగా తగిలించినచో, ఇనుపపడవ ఎక్కి రెండును మెదడు చేరును. 2022లో విఫలమైన గాంటెనెరుమాబ్‌కే ఇట్టి తునకను జతచేసి ట్రాంటినెమాబ్ అను ఔషధమును తయారుచేసిరి. తొలిదశలలో అది తక్కువ మోతాదులోనే ఫలకములను వేగముగా తొలగించెను. 2025లో దాని పెద్ద పరీక్షలు ఆరంభమైనవి. ఇచ్చట తునక శత్రువును కొట్టు ఆయుధము కాదు, రేవు దాటించు సరంగు. ఫలకముల తగ్గుదల జ్ఞాపకశక్తి నిలుచుటకు దారితీయునా అనునది ఆ పరీక్షలు ముగిసినగాని చెప్పరాదు. 2008 నాటి మరణోత్తర పరీక్షల పాఠమును మఱువరాదు.

తునకలు ఔషధములు కాజాలవని మాత్రము ఎవరును తలపవలదు. కాప్లాసిజుమాబ్ అను నానోబాడీ, ఒకానొక అరుదైన రక్తవ్యాధికి, 2018లో ఐరోపాలోను 2019లో అమెరికాలోను అనుమతి పొంది రోగులను కాపాడుచున్నది. రక్తములోని శత్రువునకు అది చాలినది. మెదడులోని శత్రువునకు ఇంకను దారి కావలసియున్నది. చిన్న గుంపులను మాత్రమే పట్టుకొను తునక ఏదియు 2025 నాటికి అల్జీమర్ రోగుల కొఱకు అనుమతింపబడలేదు.

ఈ మాట కుటుంబములు గట్టిగా జ్ఞాపకముంచుకొనవలసినది. "మఱపునకు మందు దొరకెను" అను శీర్షిక కనబడగనే భవిష్యనిధి సొమ్మును తీసి దూరదేశపు చికిత్సకై పరుగెత్తువారు కలరు. అనుమతి పొందిన ప్రతిరక్షకములు వ్యాధి తొలిదశలోనున్నవారికి మాత్రమే ఉద్దేశింపబడినవి; మెదడులో అమిలాయిడ్ ఉన్నదని పరీక్షచే నిర్ధారణ కావలెను; జన్యుపరీక్షయు, పలుసారులు ఎం.ఆర్.ఐ. చిత్రములును అవసరము. అడుగవలసిన ప్రశ్నలు మూడు: ఇది ఎలుకలపై తేలినదా, మనుష్యులపై తేలినదా? ఫలకములు తగ్గెనా, నిత్యజీవితపు పనులు చేసికొనుశక్తి నిలిచెనా? మెదడువాపు, రక్తస్రావము ఎందఱికి వచ్చెను? ఈ మూడింటికి సూటియైన సమాధానము రానిచోట సొమ్ము దాచుకొనుటయే వివేకము.

దీనికి ఎదురుగానున్న పొరబాటు మఱొకటి. "ముసలితనమున మతిమఱపు సహజమే గదా" అని వైద్యుని చూడకయే ఊరకుండుట. బి-12 విటమిను లోపము, థైరాయిడ్ గ్రంథి మాంద్యము, మనోవ్యాకులత, కొన్ని మందుల ప్రభావము వంటివి చికిత్సతో నయమగు మఱపును కలిగింపగలవు. వానిని ముందుగా తేల్చుకొనవలెను. 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన విద్వాంసుల సంఘము 14 కారణములను పేర్కొని, వానిని సరిదిద్దగలిగినచో లోకమునందలి మతిక్షీణతలో ఇంచుమించు నూటికి 45 వంతులు నివారించుటకో వాయిదా వేయుటకో వీలగునని తెలిపెను. రక్తపోటు, మధుమేహము, చెవుడు, పొగత్రాగుట, ఒంటరితనము అందలివే. వినికిడి యంత్రము కొనియిచ్చుట ట్రాంటినెమాబ్ కొఱకు వేచియుండుటకంటె సులభమైన కార్యము.

స్వరాష్ట్రమునకు దూరముగా, పలు భాషల నడుమ జీవించు తెలుగువారికి ఊఱటనిచ్చు ఒక విశేషమును కలదు. హైదరాబాదులోని నిజామ్స్ వైద్యవిజ్ఞానసంస్థలో 648 మంది మతిక్షీణత రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన అధ్యయనమున, రెండు లేక అంతకు మించిన భాషలు మాటలాడువారిలో వ్యాధి లక్షణములు సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా కనబడినవని తేలెను. చదువు రానివారిలోను ఈ భేదము కనబడెను. ఇది పరిశీలనలో కనబడిన సంబంధమే గాని భాషలు వ్యాధిని ఆపునని నిరూపణము కాదు. అయినను ఇంటిలో తెలుగు, బజారులో హిందీ, కార్యాలయమున ఇంగ్లీషు మాటలాడు కుటుంబములు, ఇంటి తెలుగును వదలుకొనకుండుటకు ఇదియొక అదనపు హేతువు.

ఆగస్టె డేటర్ కాలమున వైద్యుడు చేయగలిగినది వినుట, వ్రాసికొనుట మాత్రమే. నూటయిరువది యేండ్ల పిమ్మట శత్రువు కూర్పు తెలిసినది, దాని దశలు తెలిసినవి, ఒక దశను మఱొక దశనుండి వేఱుచేసి పట్టుకొను తునకలు ప్రయోగశాలలలో సిద్ధమైనవి. వానిని మెదడునకు చేర్చి, సకాలమున ప్రయోగించి, మనిషి జ్ఞాపకము నిలిచినదని చూపుట మిగిలియున్నది. ఆ పని ముగియువఱకు, పేరు మఱచిన పెద్దలను పేరుపెట్టి పిలుచు బాధ్యత ఇంటివారిది.